గేటు వైపు సీటు

మా ఆయన డెల్మర్ బతుకులో ముఖ్యమైన ఎంపికలు మూడే. పెళ్లాం, చర్చి, పికప్ బండి. మొదటి రెండూ వాళ్లమ్మ చూసి పెట్టింది. అందుకేనేమో మూడోదాని దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు. పెళ్లైనప్పటి నుంచీ ఒకే కంపెనీ బండి కొంటున్నాడు, వాళ్ల నాన్నా అదే కొన్నాడు. నెబ్రాస్కాలో మా ఇసుక కొండల వైపు మనిషి చర్చి మారితే పోనీలే అంటారు. బండి కంపెనీ మారితే మాత్రం ఆ ఇంటికి పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు.

మార్చి చివర్లో, మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉన్న రోజుల్లో, మా పాత బండి ఉత్తరం బీడులో ఇంజను పట్టేసి నిలబడిపోయింది. మా కంచెకి అవతల బీడు గేలెన్‌ది. ఆయనే ట్రాక్టరు తెచ్చి దాన్ని ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. సాయంత్రానికల్లా దాణా కొట్టులో కాఫీ తాగే మగవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. సొంత పెళ్లాం ఆపరేషన్ గురించి రెండు ముక్కలు మాట్లాడనివాళ్లు మా బండి గురించి వారమంతా మాట్లాడారు. అందరిదీ ఒకటే మాట, పెద్దది కొనమని. మధ్యరకం బండి పట్నంలో బడిపంతుళ్లకీ పళ్ల డాక్టర్లకీ అట.

నాకు కావలసింది ఆ పళ్ల డాక్టర్ల బండే. ఎందుకో చెప్పాలంటే ముందు మా గేట్ల సంగతి చెప్పాలి.

మా వైపు బండి నడిపేవాడు గేటు తీయడు. పక్కసీట్లో ఉన్నవాళ్లే దిగి తీయాలి, బండి దాటాక మూయాలి, మళ్లీ ఎక్కాలి. గవర్నరు వచ్చి ఆ సీట్లో కూర్చున్నా దిగాల్సింది ఆయనే. మా ఇంటి నుంచి ఉత్తరం బీడుకి ఐదు గేట్లు. అవి ఇనప గేట్లు కూడా కావు, కర్రలకు కట్టిన ముళ్లతీగలు. చివరి కర్రని భుజంతో కావలించుకుని, గుంజకి ఆనేదాకా లాగి, పైన తీగ ఉచ్చు తగిలించాలి. పెళ్లైన మర్నాటి నుంచి నేను ఆ కర్రల్ని కావలించుకున్నన్ని సార్లు మొగుణ్ని కావలించుకోలేదు. మా ఆయన ఎప్పుడూ నడిపేవాడే మరి. మా వైపు మొగుడు పక్కసీట్లో కనపడ్డాడంటే కాలైనా విరిగి ఉండాలి, తాగైనా ఉండాలి.

పోయిన చలికాలం నా కుడి మోకాలు కోసి అందులో లోహపు చిప్ప పెట్టారు. ఒకసారి ఎత్తు ఎక్కమంటే పళ్లు బిగించి ఎలాగో ఎక్కుతాను. పొద్దున్నే పోతూ వస్తూ పదిసార్లు ఎక్కమంటే నావల్ల కాదు. మా పాత బండీ పెద్దదే, కానీ అప్పటి పెద్ద బండ్లు నేలకు దగ్గరగా ఉండేవి. ఇప్పుడు మధ్యరకం అని అమ్ముతున్నదే ఆనాటి పెద్ద బండి. ఇప్పటి పెద్ద బండి ఎక్కాలంటే నాలాంటి పొట్టిదానికి గుర్రమెక్కడమే నయం. గుర్రం కాస్త వంగి సాయమైనా చేస్తుంది.

పోనీ ఇంట్లో కూర్చోరాదా అంటారు. నా ఏడుపంతా అక్కడే ఉంది. మా ఆయన ఇంట్లో మాట్లాడడు. ఇంట్లో ఆయనకీ టీవీలో వాతావరణం చెప్పే మనిషికీ మధ్య నాకు సందు దొరకదు. ఆయన నోరు తెరిచేది బండిలోనే, అదీ గేటుకీ గేటుకీ మధ్య. వాళ్ల నాన్న చివరి రోజుల్లో ఏమన్నాడో, మా పెద్దమ్మాయి విడాకులకి తనకెంత దుఃఖం కలిగిందో, పిడుగులంటే తనకి ఇప్పటికీ ఎంత భయమో, నాకు తెలిసిందంతా అలా తెలిసిందే. ఆ సీటు పోతే నాకు మొగుడు పోయినట్టే. మిగిలేది వంటిల్లు. వంటింటికీ నాకూ మొదటి నుంచీ పడదు.

ఏప్రిల్ మొదట్లో పట్నం వెళ్లాం. బండ్లు అమ్మే కుర్రాడి పేరు కోల్టన్. బూట్లకు ఒక్క చుక్క పేడ లేదు, దాన్నిబట్టే వాడి మాట ఎంతవరకు నమ్మాలో తెలిసింది. రెండు బండ్లూ పక్కపక్కన పెట్టించాడు. మధ్యరకం బండి తలుపు తీసి కూర్చున్నాను. ఎక్కడం కాదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవడమే. ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత మా ఆయన అటువైపు ఎక్కాడు. మోకాళ్లు వచ్చి స్టీరింగు కింద ఇరుక్కున్నాయి, టోపీ కప్పుకి తగిలి కళ్ల మీదికి జారింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బట్టతల మీద చెయ్యి వేసుకుని, టోపీ పట్టని బండిలో పశువుల కాపరి ఎలా తిరుగుతాడని కోల్టన్‌ని అడిగాడు. వాడు పెద్ద బండి తాళాలు తెచ్చాడు.

పెద్ద బండిని మా ఆయన చూసిన చూపు, పెళ్లిలో నన్ను చూసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. ఆబోతుల్ని ఎక్కించిన ట్రైలర్‌ని కొండ మీదికి లాగాలంటే ఇదే కావాలన్నాడు. ఏడాదికి ఎన్నిసార్లు లాగుతావని అడిగాను. రెండుసార్లు, కానీ ఒకవేళ లాగాల్సి వస్తే అన్నాడు. మగవాళ్ల పెద్ద బండ్లన్నీ ఆ ఒకవేళ మీదే నడుస్తాయి. మిగతా రోజుల్లో వెనకాల ఎక్కేది ఒక ఉప్పు దిమ్మ, ఒక కుక్క.

అటువైపు తలుపు తీసుకుని నేనూ ఎక్కి చూపించాను. పిడి పట్టుకుని, ఎడమకాలు పెట్టి, మోకాలి మీద పాకి, మొత్తానికి సీట్లో పడ్డాను. కోల్టన్ మర్యాదస్తుడు, మొహం అటు తిప్పుకున్నాడు. కావాలంటే పక్కన మెట్లు బిగిస్తానన్నాడు. మా ఆయనకి ఆ మాట తిట్టులా వినపడింది. మెట్లు మా దారుల్లో మంచుకీ బురదకీ ఆగవని, అయినా బండికి మెట్లు పెట్టుకునేవాడు రేపు టోపీకి గొడుగు కూడా పెట్టుకుంటాడని అన్నాడు. కావాలంటే ట్విలా ఒక బకెట్ బోర్లించుకుని ఎక్కుతుందన్నాడు. ట్విలా అంటే నేనే.

ఆ బకెట్ లెక్క ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బకెట్ మీద దిగుతాను. గేటు తీస్తాను. నువ్వు బండి దాటిస్తావు. బకెట్ గేటుకి ఆ పక్కనే ఉండిపోతుంది. నేను వెనక్కి వెళ్లి బకెట్ తెచ్చుకుని, గేటు మూసి, మళ్లీ దాని మీద ఎక్కి, సీట్లోంచి వంగి దాన్ని పైకి లాక్కోవాలి. ఈలోపు ఆవులు ముసలివైపోతాయి. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, బకెట్‌కి తాడు కడితే సరి అన్నాడు.

అప్పుడు అసలు మాట అడిగాను. “నాకు రోజూ నీతో రావాలని ఉంది డెల్మర్. ఇది కొంటే రాలేను. తెలిసే కొంటున్నావా?”

ఆయన బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “అలవాటైపోతుందిలే ట్విలా,” అన్నాడు. వెళ్లి సంతకం పెట్టాడు.

“అయితే నీ గేట్లు నువ్వే తీసుకో,” అన్నాను. దారిపొడవునా ఇద్దరం కొత్త సీట్ల వాసన పీల్చుకుంటూ కూర్చున్నాం.

మర్నాటి నుంచి నా సీట్లో కుక్క కూర్చుంది. కుక్క అన్నీ వింటుంది గాని గేటు తీయదు. ఒక్కడే వెళితే ఒక్కో గేటుకి రెండుసార్లు దిగాలి, రెండుసార్లు ఎక్కాలి. ఆయన పొడుగు మనిషే, కానీ మొదటి వారానికే మధ్యాహ్నం భోజనానికి గంట ఆలస్యంగా రావడం మొదలైంది. వచ్చాక కుర్చీలో కూలబడి, వాతావరణం మనిషిని కూడా చూసేవాడు కాదు. ఎలా ఉంది బండి అంటే బ్రహ్మాండం అనేవాడు. నేను కిటికీ దగ్గర గిన్నెలు తోముతూ, ఆ బండి కొండ దాటి పోవడం చూస్తూ ఉండేదాన్ని. కోపంతో తోమితే గిన్నెలు భలే తళతళలాడతాయి. ఏడుపు కూడా వచ్చేది, అబద్ధమెందుకు.

నెలాఖరున ఒకరోజు సన్నగా చలివాన. ఆ సాయంత్రం గేలెన్ ఫోన్ చేశాడు. ఆయన ఎర్ర ఆబోతులు మా నల్ల పెయ్యల్లో కలిసిపోయాయని, మా ఆవులు ఆయన కోతగడ్డిలో పడి మేస్తున్నాయని, రెండు బీళ్ల మధ్య గేటు నేలమీద పడి ఉందని చెప్పాడు. ఆ ఆబోతులు ఏనుగు పిల్లల్లా ఉంటాయి. తొలిచూలు పెయ్యకి వాటి దూడ కడుపున పడితే ఈనేటప్పుడు తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. మర్నాడంతా రెండిళ్ల వాళ్లం గుర్రాల మీద తిరిగి వాటిని విడదీశాం.

గేటు ఎలా తెరుచుకుందని మా ఆయన్ని అడిగాను. గాలికేమో అన్నాడు. ఆ గేటు గాలికి తెరుచుకునేదైతే నా భుజం ఇన్నేళ్లూ ఎందుకు వంగిపోయింది? ఇంకొంచెం గద్దిస్తే నిజం రాలింది. వానలో మళ్లీ దిగి ఎక్కే ఓపిక లేక, పది నిమిషాల్లో తిరిగొస్తాను కదా అని గేటు అలాగే వదిలి వెళ్లాడట. గేలెన్ బీడుకి అవతల మా ఇంకో బీడులో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే దాంతో కూర్చుని, ఆపైన వేరే దారిన ఇంటికొచ్చేశాడట.

మా వైపు గేటు వదిలేయడమంటే ఏమిటో చెప్పాలి. ఒకాయన భార్యని వదిలేసి ఆమె చెల్లెల్ని కట్టుకున్నాడు. ఆయన్ని ఇప్పటికీ భోజనాలకి పిలుస్తారు. గేటు తెరిచి వదిలేసినవాణ్ని చచ్చేదాకా గేటు వదిలేసినవాడనే అంటారు. చచ్చాక కూడా, గొయ్యి దగ్గర పూడ్చేటప్పుడు ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

ఆదివారం చర్చిలో గేలెన్ భార్య ఇర్మా నా పక్కన కూర్చుంది. ప్రార్థన మధ్యలో నా చెయ్యి నిమురుతూ, “బాధపడకు ట్విలా. మనకీ వయసొస్తోంది కదా. మతిమరుపు ఎవరికి లేదు?” అంది.

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గేటంటే పక్కసీటు, పక్కసీటంటే నేను. ఊరు ఊరంతా అలాగే లెక్క కట్టేసింది. దేవుడి ఇంట్లో ఉన్నాను కాబట్టి బతికిపోయారు అందరూ.

ఇంటికొచ్చి తలుపు వేశాను. “గేలెన్ నిన్నేమడిగాడు?” అన్నాను.

“గేటు ఎవరు మరిచారో అని దాణా కొట్టులో అందరి ముందూ అన్నాడు.”

“నువ్వేం చెప్పావు?”

“ఏమీ చెప్పలేదు.”

“మరేం చేశావు?”

“కాఫీ తాగాను.”

అబద్ధం ఆడలేదన్నది ఆయన ధైర్యం. అబద్ధం ఆడాల్సిన పనేముంది, ఊరే ఆయన తరఫున ఆడి పెట్టింది. ఇన్నేళ్లలో నేను ఒక్క గేటు వదల్లేదు. మంచు తుఫానులో వదల్లేదు, కడుపుతో ఎనిమిదో నెల మోసేటప్పుడు వదల్లేదు. నాకు ఊళ్లో ఉన్న పేరంతా అదే, అందగత్తెననో బాగా వండుతాననో కాదు. ఆ పేరే పోయింది. ఆ మాటే చెప్పాను ఆయనతో. చెప్తాలే అన్నాడు. ఆ చెప్తాలే రెండు వారాలు ఇంట్లోనే తిరిగింది.

మే నెల మధ్యలో గేలెన్ వాళ్ల దూడలకి వాతల రోజు, అంటే ఎవరి దూడో తెలిసేలా కాల్చిన ఇనుముతో గుర్తు వేసే రోజు. వాతలంటే చుట్టుపక్కల అందరూ పోయి సాయం చేయడం మామూలు, మన ఇంటి వాతలకి వాళ్లంతా వస్తారు. మా ఆయన గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని ఆ ఏనుగు బండిలో వెళ్లాడు. నేను ఇర్మా చెల్లెలి కారులో, ఒళ్లో చిక్కుడుగింజల గిన్నె పెట్టుకుని వెళ్లాను.

వాతల రోజు దొడ్డి ఎవరిదైతే వాడే రాజు. ఎవరు ఏ పని చేయాలో ఆయన చెప్తాడు, ఎవరూ ఎదురు చెప్పరు. గుర్రమెక్కి దూడల్ని పట్టడానికి తాడు విసిరే పని అన్నిటికన్నా గౌరవం. దొడ్డి గేటు దగ్గర నిలబడే పని దాని తర్వాతది. ఒక్కసారి గేటు తప్పినా తల్లులూ పిల్లలూ కలగాపులగమైపోయి రోజంతా వృథా. ఎవరి దొడ్డిలో వాతలైనా ఆ గేటు నాదే. ఎవరూ చెప్పకుండానే వెళ్లి నిలబడతాను.

ఆ రోజు కూడా వెళ్లి నిలబడ్డాను. గేలెన్ వచ్చాడు. టోపీ కాస్త పైకి జరిపి, నా మొహంలోకి చూడకుండా, ఈసారి గేటు మా కోడలు చూసుకుంటుందిలే ట్విలా, నువ్వు వంట దగ్గర ఇర్మాకి సాయం చెయ్యి అన్నాడు. మంచి మనిషి, మెల్లగానే అన్నాడు. కానీ కంచె మీద కూర్చున్న వాళ్లందరూ ఒక్కసారిగా బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. వంటింటివైపు నడిచాను.

వెనక జీను కిర్రుమంది. మా ఆయన తాడు చుట్టుకుని గుర్రం మీద ఉన్నాడు. గేలెన్ మొదట పిలిచేది ఎప్పుడూ ఆయన్నే. దిగాడు. దిగి, గుర్రాన్ని అక్కడే వదిలి, దొడ్డి మధ్యకి వచ్చాడు.

“గేటు వదిలేసింది నేను,” అన్నాడు. “ట్విలా కాదు. ట్విలా ఆ రోజు బండిలో లేదు.”

కంచె మీదివాళ్లు బూట్ల మీంచి తలలెత్తారు.

“ఎందుకు లేదు?” అన్నాడు గేలెన్.

“ఆ బండి రోజుకి పదిసార్లు ఎక్కడం తనవల్ల కాదు. కొనేముందే చెప్పింది. విని కొన్నాను.” తాడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “ఆ రోజు నావల్లా కాలేదు. అందుకే వదిలేశాను. మీరు తనని అనుకుంటుంటే కాఫీ తాగుతూ కూర్చున్నాను.”

ఆయన అంత పొడుగు మాట గేట్ల మధ్య తప్ప మాట్లాడగా నేను వినలేదు, అదీ ముప్ఫైమంది ముందు. గేలెన్ చాలాసేపు తన చేతి తొడుగులు సర్దుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, “ట్విలా, గేటు,” అన్నాడు. అంతే అన్నాడు. ఆయన కోడలు పక్కకి జరిగింది.

గేలెన్ మా ఆయన చేతిలోంచి తాడు తీసుకుని ఇంకొకడికి ఇచ్చాడు. మా ఆయనకి బకెట్ ఇచ్చాడు. కోడెదూడలకి కోసినవన్నీ సాయంత్రం వేపుడికి జాగ్రత్తగా పోగుచేసే బకెట్ అది. తాడు విసరడంలో జిల్లాలోనే పేరున్న మనిషి ఆ రోజంతా దూడ దూడ దగ్గరికీ వెళ్లి, చెయ్యి చాచి, వృషణాలు అడుక్కున్నాడు. నాకు జాలి వేయలేదు. గేటు చూసుకోవడంతోనే సరిపోయింది నాకు.

పని అయ్యాక, తిన్నాక, ఆయన బండి దగ్గర నిలబడి నాకోసం చూస్తున్నాడు. మగవాళ్లు పళ్లు కుట్టుకుంటూ కంచె దగ్గరే ఉన్నారు, కదలరు. సోమవారం పట్నం వెళ్లి ఇది ఇచ్చేసి మధ్యరకం తెస్తానన్నాడు, నేల చూస్తూ. టోపీ సంగతేమిటి అన్నాను. తీసి ఒళ్లో పెట్టుకుంటానన్నాడు.

నేను చెయ్యి చాపాను. “తాళాలు ఇటివ్వు.”

ఆయన తాళాలకేసి చూశాడు, కంచె మీదున్న వాళ్లకేసి చూశాడు, ఇచ్చాడు. స్టీరింగు పట్టుకుని, పళ్లు బిగించి ఎక్కాను. ఎక్కాల్సింది ఒక్కసారే కదా. సీటు ముందుకి జరిపితే హారను నా గుండెలకి తగిలి ఒకసారి మోగింది. గేలెన్ గుర్రాలు బెదిరాయి. మా ఆయన బండి చుట్టూ తిరిగి అటువైపు వెళ్లడానికి పట్టినంతసేపు పెళ్లినాడు చర్చి నడవలో కూడా పట్టలేదు. అందరూ చూస్తుండగా తలుపు తీసి, గేటు వైపు సీట్లో కూర్చున్నాడు. కాలు విరగలేదు, తాగి లేడు. కంచె మీద ఒకడి నోట్లోంచి పుల్ల జారి పడింది.

గేలెన్ దొడ్డి నుంచి మా ఇంటికి బీళ్ల మీదుగా దారి, ఆ దారిలోనూ ఐదు గేట్లే. మొదటి గేటు రాగానే ఆపాను. ఆయన ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి గుర్తొచ్చి దిగాడు. తీశాడు, బండీ ట్రైలరూ దాటించాను, అద్దంలో చూశాను. కర్రని భుజంతో కావలించుకుని తంటాలు పడుతున్నాడు. ఉచ్చు తగిలించి, ఒకసారి ఊపి చూసి, మళ్లీ ఊపి చూసి, వచ్చి ఎక్కాడు. రెండో గేటు కూడా అలాగే అయింది. అది ఆయన వదిలేసిన గేటు. అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు.

వచ్చి సీట్లో పడి, మోకాలు పట్టుకుని, ఊపిరి తీసుకున్నాడు. తీసుకుని, ఎవరికీ తెలియని సంగతి కనిపెట్టినవాడిలా నావైపు తిరిగాడు.

“ఈ బండి మరీ ఎత్తు ట్విలా,” అన్నాడు.

నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి, రెండూ ఆయనకి కనపడకుండా ముందుకే చూశాను.

“అప్పుడే తేల్చేయకు,” అన్నాను. “ఇంకా మూడున్నాయి. అవి కూడా తీసి చూసి చెప్పు.”